కాపీ సర్వరు చెప్పిన సాక్ష్యం

ఆ గ్రాఫు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎడమ చివర నుంచి కుడి చివరి దాకా, స్కేలు పెట్టి గీసినట్టు, సున్నా మీద హాయిగా పడుకున్న ఆకుపచ్చ గీత. ఎక్కడా వంకర లేదు, ఎత్తుపల్లం లేదు. మనిషి బతుకైనా యంత్రం బతుకైనా అంత నున్నగా సాగదని తెలిసినవాళ్లకు ఆ గీతను చూడగానే అనుమానం రావాలి. ఆస్పత్రి విచారణ కమిటీకి రాలేదు. రాకపోగా ఆ గీతను రంగుల్లో ప్రింటు తీయించి, దాన్నే సాక్ష్యంగా పెట్టుకుని, మూడో వార్డు నర్సును సస్పెండు చేసింది.

ఆ నర్సు ఈ కథలోని మరదలికి సాక్షాత్తూ ఆడపడుచు, భర్తకు అక్క. ఆ గీత పుట్టిందేమో మరదలు ఉద్యోగం చేసే, అదే ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో, పై వాటాలో వదిన, కింది వాటాలో మరదలు. ఆ సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే మరదలి భర్త పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడంటే అతని తప్పేం లేదు.

"ఏం మరదలా, బాగున్నావా?" అంటూ వదిన నేరుగా వంటింట్లోకి వచ్చి, ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. "మీ సున్నా నన్ను ఇంటికి పంపించింది. ఇక తీరిగ్గా ఉంటాను. ఆ చిక్కుళ్లు ఇలా తే, ఈనెలు తీస్తాను."

"వదినా, అసలేం జరిగిందో..."

"ఏం జరిగిందో నాకేం తెలుసు? నాకు కళ్లు లేవటగా. కమిటీ చెప్పింది."

జరిగింది ఇదీ. పొద్దున రౌండ్లకు వచ్చిన చిన్న డాక్టరు, కిటికీ పక్క మంచం మీదున్న తాతగారికి రక్తం పలచబరిచే మాత్ర ఎక్కువైపోయిందని గమనించి, తన గదిలోకి వెళ్లి కంప్యూటర్లో మోతాదు సగానికి తగ్గించాడు. ఆ తర్వాత వదిన మందుల బండి తోసుకుంటూ వచ్చి, వార్డు తెర మీద ఉన్నది చదివి, మాత్ర ఇచ్చింది. తెర మీద పాత మోతాదే ఉంది, పాత మోతాదే ఇచ్చింది. మధ్యాహ్నానికి తాతగారి ముక్కులోంచి రక్తం కారడం మొదలై ఎంతకీ ఆగలేదు. చివరికి ఆగింది, ఆయన కోలుకున్నాడు కూడా. కానీ ఆ హడావుడిలో అందరూ వచ్చి తెర ముందు గుమిగూడేసరికి, తెర మీద కొత్త మోతాదు బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇంత స్పష్టంగా ఉంటే కనబడలేదా?" అన్నారు అందరూ.

ఆ మాట ఇంకెవరినైనా అంటే చెల్లుతుందేమో. వదినకు ఆస్పత్రిలో 'రెండుసార్ల సిస్టరు' అని పేరు. ఏ మందైనా పైకి ఒకసారి చదివి, రోగి ముఖం చూసి, మళ్లీ ఒకసారి చదివితే గానీ చెయ్యి కదపదు. తొందరలో ఉన్న డాక్టర్లు ఆవిడ వార్డంటే విసుక్కునేవాళ్లు. ఇంట్లోనూ అంతే. కరెంటు బిల్లు మొదలుకుని టూత్‌పేస్టు డబ్బా దాకా రెండుసార్లు చదువుతుంది. అలాంటి మనిషిని, షిఫ్టు మారే వేళ, వార్డు నర్సులందరి ముందూ నిలబెట్టి, 'తెర చూడకుండా మందు ఇచ్చినందుకు' అని ఉత్తర్వు గట్టిగా చదివి వినిపించారు.

"చూడకుండా అట!" అంది వదిన, చిక్కుడుకాయ మెడ పుటుక్కున విరుస్తూ. "తెర అబద్ధం చెప్పిందేమో అన్నాను. ఉహు, అది చెప్పదట. మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చిందిగా, ఆలస్యం సున్నా అని. అంటే అబద్ధం చెప్పింది నేనన్నమాట."

పేపరు వెనక నుంచి, "అక్కా, కాస్త నెమ్మదిగా..." అని వినబడింది.

"నువ్వు ఆ పేపరు తిరగేసి పట్టుకున్నావు, ముందు అది చూసుకోరా."

మరదలు పొయ్యి కట్టేసింది. ఆ గ్రాఫు కమిటీకి వెళ్లిన సంగతే ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆఫీసులో ఆమె పైవాడు తనే ప్రింటు తీసుకుని తనే పట్టుకెళ్లాడు. సంగతి వింటున్నకొద్దీ ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

"వదినా, మీరు తెర మీద చూసింది పాత మోతాదే. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు? పక్కన నిలబడ్డావా?"

"ఆ మీటరు సంగతి తెలుసు కనక." మరదలు స్టవ్ గట్టు మీద రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టింది. "ఇది మెయిన్ సర్వరు. డాక్టర్లు రాసేది దీంట్లో. ఇది కాపీ. మెయిన్లో రాసినవన్నీ వెంటవెంటనే దీంట్లోకి వచ్చి పడుతూ ఉంటాయి. వార్డుల్లో తెరలన్నీ చూపించేది ఈ కాపీనే. అన్ని వార్డులూ మెయిన్ మీద పడితే అది మోయలేదని అలా పెట్టారు. కాపీ ఒక్కోసారి వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో చెప్పేదే ఆ మీటరు."

"బాగానే ఉంది. సున్నా అంటే వెనకబడలేదనేగా?"

"అక్కడే ఉంది తిరకాసు. ఆ మీటరు వెళ్లి అడిగేది కాపీని. 'నీకు వచ్చినవాటిలో ఇంకా రాసుకోనివి ఏమైనా మిగిలాయా?' అని. మధ్యలో దారి మూసుకుపోయి అసలేమీ రాకపోతే? 'వచ్చినవన్నీ రాసేసుకున్నాను, ఏమీ మిగల్లేదు' అంటుంది. దాన్నే సున్నా అని గీత గీస్తారు."

వదిన చేతిలో చిక్కుడుకాయ ఆగింది. కళ్లజోడు సర్దుకుంది.

"అంటే, బడికి డుమ్మా కొట్టినవాడినే పిలిచి, ఇవాళ పాఠం ఏమైనా మిస్సయ్యావురా అని అడిగారు. లేదండీ అన్నాడు. ఫస్టు మార్కు వేశారు."

"అంతే."

"ఇంత చదువులు చదివి, అడిగింది వాణ్ణా!" అంది వదిన. కోపంలో కూడా ఆవిడకు అది నచ్చినట్టే ఉంది. అంతలోనే ముఖం ముడుచుకుంది. "విచారణ ఎల్లుండి. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. అది కూడా పోనీ. ఇన్నేళ్లు చేసి, చివరికి చూడకుండా మందు ఇచ్చిన మనిషిగా బయటికి రావాలా? ఆ వార్డులో నేను నేర్పిన పిల్లలున్నారు మరదలా, వాళ్లు వినేలా చదివారు."

అంత బాధలోనూ వదిన చిక్కుడుకాయలకు ఒక్క ఈనె మిగలకుండా తీసింది.

మర్నాడు మరదలు పెందలాడే ఆఫీసుకు వెళ్లి, కాపీ సర్వరు రికార్డు తిరగేసి, నెట్‌వర్కు చూసే ఆయన్ని అడగవలసింది అడిగి, పైవాడి గదిలోకి వెళ్లింది. ఆయన్ని అందరూ చాటుగా డ్యాష్‌బోర్డు సారు అంటారు. గది గోడకు మంచమంత తెర. దాని మీద ఆస్పత్రిలోని ప్రతి యంత్రానికీ ఒక దీపం. దీపాలన్నీ ఆకుపచ్చగా ఉండాలన్నది ఆయన జీవితాశయం. ఎర్రదీపం వెలిగితే యంత్రం సంగతి తర్వాత, ముందు దీపం సంగతి చూసేవాడు.

"సార్, ఆ గ్రాఫు కమిటీకి ఎందుకిచ్చారు?"

"అడిగారు, ఇచ్చాను. ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను."

"ఆ రోజు పొద్దున నెట్‌వర్కు ఆయన కొత్త ఫైర్‌వాల్ పెట్టాడు. ఇందాక నేనే అడిగాను, ఔనన్నాడు. పెట్టినప్పుడు మెయిన్‌కీ కాపీకీ మధ్య దారి మూసుకుపోయింది. తెగిపోయినట్టు రెంటికీ తెలియదు. చాలాసేపటికి కాపీకి విసుగుపుట్టి మళ్లీ కలుపుకుంది. అప్పుడు అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సరిగ్గా ఆ మధ్యలోనే ఆవిడ మాత్ర ఇచ్చింది. మళ్లీ కలుపుకున్నట్టు కాపీ లాగ్ ఫైల్లో నమోదై ఉంది సార్."

"మళ్లీ కలుపుకోవడం మామూలేనమ్మా. అది తప్పు కింద రాదు."

"మీటరు?"

"సున్నా. సున్నా అంటే సున్నా."

"సార్, ఈ మీటరును నమ్మకూడదని నేను మీకు ఎన్నిసార్లు చెప్పాను? మెయిన్లో ఒక్క వరుస పెడదాం, దాంట్లో ప్రతి సెకనూ అప్పటి టైము రాస్తూ ఉందాం, కాపీలో ఆ వరుస చదివి ఎంత పాతదో చూద్దాం అన్నాను. దారి మూసుకుపోతే ఆ టైము అక్కడే ఆగిపోతుంది, వెంటనే తెలిసిపోతుంది. హార్ట్‌బీట్ అంటారు దాన్ని. ఎక్కడైనా చేసేదే అది."

"చెప్పావు. సర్వరుకు గుండె ఏమిటమ్మా అని నవ్వుకున్నాం కూడా." ఆయనకు ఆ జోకు ఇంకా తాజాగానే ఉన్నట్టుంది. "రోగి లేని రికార్డు మెయిన్లో ప్రతి సెకనూ రాస్తే ఆడిటర్లు ఏమంటారు? పైగా నువ్వు పెట్టిన ఆ ట్రయల్ మీటరు రోజుకోసారి ఎర్రగా వెలిగేది. డైరెక్టర్లు వచ్చినప్పుడు వెలిగితే ఎవరికి తలవంపులు?"

"వెలిగిందంటే అప్పుడు కాపీ వెనకబడిందనే కదా సార్."

"అదే నేననేది. ఆ మీటరు రాకముందు ఒక్కసారి కూడా వెనకబడలేదు."

ఈ మాటకు ఏ కాలేజీలోనూ జవాబు నేర్పరు. మరదలు ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు, మనస్ఫూర్తిగానే అంటున్నాడు. జ్వరం ఎందుకొచ్చిందంటే థర్మామీటరు కొన్నాం కనక అనే రకం.

"చూడమ్మా," అని గొంతు తగ్గించాడు డ్యాష్‌బోర్డు సారు. "ఆవిడ నీకు బంధువు. నీ బాధ అర్థమవుతుంది. కానీ ఇంటి వ్యవహారాలు ఆఫీసులోకి తెస్తే బాగుండదు."

అక్కడితో మరదలికి బాధ పోయింది. ఒట్టి కోపం మాత్రం మిగిలింది. అదే మేలనిపించింది. బాధతో చెయ్యి వణుకుతుంది, కోపంతో కుదురుగా పని జరుగుతుంది. తన బల్ల దగ్గరికి వెళ్లి, రోగులెవరూ లేని ట్రయల్ సర్వర్ల జంటను తెరిచింది. దానికీ ఒక మెయిన్ ఉంది, ఒక కాపీ ఉంది, పైవాడికి ప్రాణప్రదమైన అదే మీటరు ఉంది. తర్వాత నెట్‌వర్కు ఆయన దగ్గరికి వెళ్లి, రేపు అడిగినప్పుడు ఈ రెంటి మధ్య దారి మాత్రం మూసిపెట్టమంది.

"నా పేరు రాకుండా చూడండి మేడం," అన్నాడాయన.

"మీ పేరెందుకు? ఫైర్‌వాల్ పెట్టడం తప్పు కాదు. దారి మూసుకుపోయినా అందరూ ఆకుపచ్చ దీపం చూసి చప్పట్లు కొట్టడం తప్పు."

విచారణ సూపరింటెండెంటుగారి గదిలో. పొడుగాటి బల్ల, దాని చుట్టూ అరిగిన గుడ్డ కుర్చీలు, గోడకు అందరి కంటే ముందు నడిచే గడియారం. సూపరింటెండెంటుగారు, ఆయన పక్కన మేట్రన్, ఈ పక్కన డ్యాష్‌బోర్డు సారు. బల్ల మధ్యలో ఆ రంగుల గ్రాఫు, పెళ్లిలో ఫోటోలా. వదిన ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని, సస్పెన్షన్లో వేసుకోకూడదని తెలిసే వేసుకుని, ఎదురుగా కూర్చుంది. మరదల్ని ఎవరూ పిలవలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తనే తలుపు తోసుకుని వచ్చింది.

"మీరు?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"డేటాబేసులు చూసేది నేను సార్. ఆ గ్రాఫు గురించి చెప్పాలి."

"సార్, ఈమె ఆవిడకు బంధువు," అన్నాడు డ్యాష్‌బోర్డు సారు, ముందే తయారు చేసి పెట్టుకున్నవాడిలా.

"ఏమవుతారు?"

"ఆడపడుచు సార్," అంది మరదలు. "అందుకే చెబుతున్నాను. ఆవిడ నిజంగా పొరపాటు చేస్తే అందరికంటే ముందు సంతోషించేదాన్ని నేనే. పెళ్లయినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు."

మేట్రన్ దగ్గు తెచ్చుకుంది. వదిన మరదలి వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. నవ్వాపుకోలేక భుజాలు కదిలాయి.

"మాటలు వద్దు సార్, మీరే చూడండి," అంటూ మరదలు ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందుకు జరిపింది. "ఇది ట్రయల్ సర్వరు. ఇందులో ఉన్న రోగి ఉత్తుత్తి రోగి. మందు మోతాదు మీ ఇష్టం వచ్చినట్టు మార్చండి."

ఆయన చూపుడువేలితో ఒక్కొక్క మీటా వెతికి నొక్కారు. ఉత్తుత్తి రోగికి మాత్ర సగానికి తగ్గింది.

"ఇప్పుడు పక్క తెర చూడండి. వార్డులో నర్సుకు కనబడేది ఇదే."

"పాతదే ఉంది."

"మీటరు?"

ఆయన వంగి చూశారు. "సున్నా." మళ్లీ చూశారు. "ఆకుపచ్చగానే ఉంది."

"రిఫ్రెష్ చేయాలేమో సార్," అన్నాడు డ్యాష్‌బోర్డు సారు.

"చేయండి," అంది మరదలు. ఆయనే లేచొచ్చి చేశాడు. ఒకసారి, ఇంకోసారి, మూడోసారి కాస్త గట్టిగా. పాత మోతాదు కదల్లేదు. సున్నా కూడా కదల్లేదు. ఈలోగా టీ వచ్చింది. అందరూ తాగారు. కప్పులు ఖాళీ అయ్యాక మేట్రన్ లేచి వచ్చి తెర మీదున్నది పైకి చదివింది. చదివి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ చదివింది. ఆ అలవాటు ఆవిడకు ఎవరి దగ్గర అబ్బిందో గదిలో అందరికీ తెలుసు.

"దీని మధ్య దారి మూసి ఉంచాం సార్," అంది మరదలు. "ఆ రోజు పొద్దున వార్డు సర్వర్ల మధ్య ఎలా మూసుకుపోయిందో అలాగే. కాపీకి ఏమీ రావడం లేదు. ఏమీ రాలేదు కనక ఏమీ మిగల్లేదని అది చెబుతోంది. మనం దాని మాట నమ్మి, కళ్లతో చూసిన మనిషి మాట నమ్మలేదు."

"ఇది ట్రయల్ కదా సార్," అన్నాడు డ్యాష్‌బోర్డు సారు. గొంతు మాత్రం ట్రయల్‌లా లేదు.

"మీటరు అదేనా?"

"అదే... అనుకోండి. కానీ..."

"ఇంకో మీటరు పెట్టాలని ఎవరూ చెప్పలేదా?"

డ్యాష్‌బోర్డు సారు గోడ గడియారం చూశాడు. ఆ జవాబు ఆయనే చెప్పాలని మరదలు పట్టుబట్టి కూర్చుంది. చివరికి, "ప్రతిపాదన స్థాయిలో ఉంది సార్," అన్నాడు.

సూపరింటెండెంటుగారు గ్రాఫును బోర్లా తిప్పి బల్ల మీద పెట్టారు. కళ్లు నులుముకున్నారు. పెద్దమనిషే, చెడ్డవాడు కాదు. తొందరగా ముగించి అందరితోనూ మంచి అనిపించుకుందామనుకునే రకం. ఆ రకమే ఎక్కువ నష్టం చేస్తుంది.

"సరే. ఏదో సాంకేతిక లోపం. ఎవరి తప్పూ కాదనుకుందాం. సిస్టర్, ఈసారికి మిమ్మల్ని వదిలేస్తున్నాం. రేపటి నుంచి డ్యూటీకి రండి."

మరదలు ల్యాప్‌టాప్ మూయబోయింది. గెలిచాం, ఇంటికి పోవచ్చు అనుకుంది. వదిన లేచి నిలబడింది.

"ఈసారికి అంటే, సార్? ఏ సారికి?"

"అంటే... ఈ విషయం ఇంతటితో..."

"తప్పు చేసినవాళ్లని కదా వదిలేస్తారు? నేనేం చేశానని వదిలేస్తున్నారు?"

"సిస్టర్, మీకు అనుకూలంగానే..."

"అనుకూలం అక్కర్లేదు సార్. ఉన్నది చెప్పండి చాలు. నేను తెర చూశాను. రెండుసార్లు చూశాను. తెర తప్పు చూపించింది. ఆ తెర మీరు పెట్టింది. ఆ ముసలాయన ముక్కులోంచి అంత రక్తం పోతుంటే తలగడ మీద తల పట్టుకున్నది నేను. 'నేనేం తప్పు చేశానమ్మా' అని ఆయన నన్నడిగాడు. నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఆయనకి ఎవరు చెబుతారు?"

మేట్రన్ కుర్చీలోంచే మెల్లగా, "ఉత్తర్వు వార్డులోనే చదివాం సార్, అందరి ముందు," అంది.

"అవును," అంది వదిన. "ఇదీ అక్కడే చెప్పండి. నిలబెట్టిన చోటే నిలబడతాను."

సూపరింటెండెంటుగారు మరదలి వైపు చూశారు, మీవాళ్లకి మీరైనా చెప్పండి అన్నట్టు. మరదలు కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. అప్పటిదాకా వదిన నోటికి భయపడి ఎన్నోసార్లు వంటింట్లోకి పారిపోయిన మనిషి, ఆ నోరు తన తరఫున కూడా మాట్లాడుతోందని మొదటిసారి అనుకుంది. "షిఫ్టు మారే వేళవుతోంది సార్," అని మాత్రం అంది.

మూడో వార్డులో పొద్దుటి నర్సులు సాయంత్రం నర్సులకు మంచాలు అప్పగిస్తున్నారు. సూపరింటెండెంటుగారు లోపలికి రాగానే అందరూ బిగుసుకుపోయారు. డ్యాష్‌బోర్డు సారు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వచ్చే దారిలోనే ఆయన ఫోనులో ఎవరికో, 'మా విభాగం కొత్త హార్ట్‌బీట్ విధానం ప్రవేశపెడుతోంది' అని చెబుతుంటే మరదలి చెవిన పడింది. మా విభాగమట! ఆయన కాలర్ పట్టుకోవాలనిపించింది. రెండు చేతులూ ల్యాప్‌టాప్‌కు గట్టిగా చుట్టేసుకుంది.

సూపరింటెండెంటుగారు గొంతు సవరించుకున్నారు. "విచారణలో కొన్ని సాంకేతిక అంశాలు వెలుగులోకి వచ్చిన దరిమిలా..."

"మా పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి సార్," అంది వదిన.

ఆయన చుట్టూ చూశారు. నర్సులు, మంచాల మీద లేచి కూర్చున్న రోగులు, కిటికీ పక్క తాతగారు. అప్పుడు కాస్త నెమ్మదిగా, "తెర మీద పాత మోతాదు ఉంది. సిస్టర్ చూశారు. చూసిందే ఇచ్చారు. తప్పు ఆస్పత్రిది. సిస్టర్‌ది కాదు," అన్నారు. తాతగారి మంచం దాకా నడిచి, "మీరు కూడా మమ్మల్ని మన్నించాలి," అన్నారు.

తాతగారికి కాస్త చెవుడు. "ఏమంటున్నాడమ్మా?" అని వదిననడిగాడు.

"తప్పు వాళ్లదట తాతా."

"ఆ ముక్క చెప్పడానికి ఇంతమందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక చిన్న నర్సు మందుల అలమర తాళాలు తెచ్చి వదిన చేతిలో పెట్టి, అక్కడే నిలబడి ముక్కు తుడుచుకోసాగింది. వదిన తాళాలు నడుముకు తగిలించుకుంది. కళ్లజోడు తీసి అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకుంది. అప్పుడు చుట్టూ చూసింది, ఎన్నో రోజులుగా ఇల్లు వదిలి వెళ్లి వచ్చినట్టు.

"ఆ చివరి మంచం సెలైన్ ఎప్పుడనగా అయిపోయింది? చూసేవాళ్లు లేరా? సార్, మీరు కాస్త పక్కకి జరగండి, బండి రావాలి. అందరూ ఇక్కడ గుంపుగా నిలబడితే పని ఎవరు చేస్తారు?"

సూపరింటెండెంటుగారు గబగబా గోడవారకు జరిగారు.